టర్బో కాదు, రబ్బరు పైపు

లక్ష కిలోమీటర్లు దాటిన నా డీజిల్ కారు అరకు ఘాట్‌లో సెకండ్ గేర్‌లో కూడా మూలిగింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల లాంటి చప్పుడు, వెనక నల్లపొగ. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పోయిందన్నారొకరు. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాప్ చేయిస్తే పికప్ వస్తుందన్నారు ఇంకొకరు. ఆ గాలే దారిలో లీకవుతుంటే ఈ ట్యూనింగ్ దేనికి, పొగ ఇంకా పెంచుకోవడానికా!

మా వీధి మెకానిక్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపు విప్పి, వంచి చూపించాడు. క్లిప్పు పక్కన, ఆయిల్ జిడ్డు కింద వేలెడు చీలిక. బండి ఆగి ఉంటే అది మూసుకునే ఉంటుంది. టర్బో ఒత్తిడికి నోరు తెరుస్తుంది. స్కానర్‌లో మాత్రం బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) తక్కువ అనే వచ్చింది. పైపు, రెండు క్లిప్పులు మార్చాం. పనిలో పనిగా ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి కూడా గీకించాను. పొగ పోయింది. రీమ్యాప్‌కని తీసిన డబ్బుతో టైర్లు కొన్నాను.