అన్నవాహికలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు: ఎండోస్కోపీలో చేజారకుండా చూడడం ఎలా

నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రులకు అన్నవాహిక క్యాన్సర్‌తో వచ్చే రోగులలో చాలామంది ముద్ద దిగడం లేదని, చివరకు మంచినీళ్లు కూడా అడ్డం పడుతున్నాయని చెప్పుకుంటూ వస్తారు. ఆ దశకు చేరేసరికి లోపలి దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. క్యాన్సర్‌కు ముందు దశ అయిన డిస్‌ప్లేసియా (లోపలి పొర కణాలు అసహజంగా మారడం) మాత్రం మింగడానికి ఏ ఆటంకమూ కలిగించదు కాబట్టి, గుండెల్లో మంటకో, పుల్లటి తేన్పులకో, రక్తహీనతకు కారణం వెతకడానికో చేసే మామూలు ఎండోస్కోపీలోనే అది కనబడాలి. అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు బయటపడినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి అంతకు ముందు మూడేళ్లలోపే ఎండోస్కోపీ జరిగి ఉంటుందనీ, అప్పుడు క్యాన్సర్ పట్టుబడలేదనీ వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. కొత్త యంత్రం కొనడం కన్నా ఉన్న యంత్రంతో చూసే తీరు మార్చుకుంటే ఈ లోటు ఎక్కువగా తీరుతుందని నా అభిప్రాయం. జిల్లాలలో ఎండోస్కోపీ చేసే యువ వైద్యులనూ, వారికి తోడుగా ఉండే నర్సులనూ, టెక్నీషియన్లనూ ఉద్దేశించి ఇది రాస్తున్నాను.

ముందుగా ఎవరిని మరింత జాగ్రత్తగా చూడాలో తేల్చుకోవాలి. పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు బారెట్స్ అన్నవాహిక (యాసిడ్ పైకి ఎగదన్నడం వల్ల అన్నవాహిక కింది భాగపు పొర పేగు పొరలా మారడం) గురించి విస్తారంగా చెబుతాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం క్యాన్సర్, అంటే అన్నవాహిక సహజ లోపలి పొరలోని చదునైన కణాల నుంచి పుట్టేది. పొగాకు, మద్యం రెండూ ఉన్నవారిలో దాని ముప్పు ఏ ఒక్కటి ఉన్నవారి కన్నా చాలా ఎక్కువ. నోటి క్యాన్సర్‌కో గొంతు క్యాన్సర్‌కో చికిత్స పొందినవారు, ఎప్పుడో యాసిడ్ తాగి అన్నవాహిక సన్నబడినవారు, అకలేసియా (అన్నవాహిక కింది ద్వారం సరిగా తెరుచుకోని జబ్బు) ఉన్నవారు, ఐరన్ లోపంతో చాలాకాలంగా రక్తహీనత ఉండి మింగడంలో ఇబ్బంది పడే స్త్రీలు కూడా ఈ కోవలోకే వస్తారు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలను కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అనుమానిత కారకాల జాబితాలో చేర్చింది. కందుకూరు, కలిగిరి ప్రాంతాలలో పొగాకు పండించడం వేరు, వాడడం వేరు. కేస్ షీటులో పొగాకు రైతు అని రాసుకున్నంత మాత్రాన వివరం తెలిసినట్లు కాదు. "పొగ తాగుతారా?" అని అడిగితే ఖైనీ నమిలే మనిషి "లేదు సార్" అని నిజమే చెబుతాడు. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ అని ఒక్కొక్కదాని పేరు పెట్టి అడగాలి. ఈ ప్రశ్నలు ఎండోస్కోపీ గదిలోకి తీసుకెళ్లక ముందే, వీలైతే ఇంటివారు దగ్గర లేనప్పుడు అడగడం మేలు.

ఘనాహారం మానేసి ఆరు గంటలు, నీళ్లు మానేసి రెండు గంటలు గడిచి ఉండాలి. అంతకన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతున్నది నురగ, జిగురు. పరీక్షకు పదిహేను నుంచి ముప్పై నిమిషాల ముందు 100 మిల్లీలీటర్ల నీటిలో నురగను అణిచే సిమెథికోన్, జిగురును కరిగించే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి తాగిస్తే లోపలి పొర శుభ్రంగా కనబడుతుంది. దీనికయ్యే ఖర్చు స్వల్పం; బయట వరుసలో కూర్చోబెట్టినప్పుడే నర్సు ఇవ్వవచ్చు. అప్పటికీ మిగిలిన జిగురును నీళ్లు చిమ్మి కడగాలే గాని ఎండోస్కోప్ కొనతో తుడవకూడదు, ఎందుకంటే ఆ రాపిడికి ఏర్పడిన ఎరుపు తర్వాత జబ్బులాగా కనిపించి తికమక పెడుతుంది. రోగికి వాంతి ఉద్రేకం ఆగకపోతే, అనుమానించదగ్గ నేపథ్యం ఉన్న మనిషి విషయంలో ఆ అరకొర పరీక్షతో సరిపెట్టక, మత్తు ఇచ్చి మళ్లీ చేయాలి.

చూడడం లోపలికి వెళ్లేటప్పుడే మొదలుకావాలి. గొంతు దాటిన వెంటనే వచ్చే పై భాగాన్ని చాలామంది ఒక్క ఊపులో దాటించేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడ కొన జారి బయటికి వచ్చేస్తుంది. కాబట్టి పైకి తీసేటప్పుడు ముందు పళ్ల నుంచి 20 సెంటీమీటర్ల గుర్తు దగ్గర వేగం బాగా తగ్గించుకోవాలి. గాలి నింపి ఒకసారి, కొంత తీసివేసి ఒకసారి చూస్తే, సాగిపోయినప్పుడు కనబడని చిన్న ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఎండోస్కోప్ లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేవరకు మొత్తం పరీక్షకు కనీసం ఏడు నిమిషాలు పట్టాలన్నది యూరప్ మార్గదర్శకాల ప్రమాణం. మామూలు తెల్ల వెలుగులో వెతకవలసింది గడ్డను కాదు. సన్నని రక్తనాళాల అల్లిక ఒకచోట హఠాత్తుగా మాయం కావడం, లేత ఎరుపు, కొద్దిపాటి గరుకుదనం, తుడిచినా పోని తెల్లని పొర, ఇవే ఆనవాళ్లు.

ఎన్‌బీఐ (ఎంపిక చేసిన కొన్ని తరంగాల వెలుగుతోనే చూసే పద్ధతి) సదుపాయం ఉంటే పైకి తీసేటప్పుడు అన్నవాహిక అంతటినీ ఆ వెలుగులో చూడాలి. అది 415, 540 నానోమీటర్ల తరంగాలను వాడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ వాటిని బాగా పీల్చుకోవడం వల్ల, కేశనాళికలు పెరిగిన చోటు గోధుమరంగు మచ్చగా తేలుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అందులోని చిన్న నాళాల మెలికలు వెడల్పై, వంకరలు తిరిగి, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉంటాయి. బీఎల్ఐ, ఐ-స్కాన్ వంటి ఇతర కంపెనీల పద్ధతులు కూడా ఇదే అవసరానికి వచ్చినవే.

ఎన్‌బీఐ లేని గదిలో లూగాల్స్ అయోడిన్ (పొరపై చల్లి రంగు మార్పు చూసే అయోడిన్ ద్రావణం) ఉండి తీరాలి. ఉన్న గదిలో కూడా అనుమానం తీరనప్పుడు దాన్నే ఆశ్రయించాలి. ఆరోగ్యంగా ఉన్న స్క్వామస్ పొరలో గ్లైకోజెన్ ఉంటుంది, అది అయోడిన్ తగలగానే ముదురు గోధుమరంగుకు మారుతుంది. డిస్‌ప్లేసియా వచ్చిన కణాలలో గ్లైకోజెన్ తరిగిపోవడం వల్ల ఆ మేర రంగు పట్టదు. 5 శాతం ద్రావణం సీసా దొరికితే ఒక వంతుకు మూడు వంతుల శుద్ధజలం కలిపితే 1.25 శాతం అవుతుంది; అది చాలు. ముందే అయోడిన్ ఎలర్జీ, థైరాయిడ్ జబ్బుల గురించి అడగాలి. జీర్ణాశయం అంచు నుంచి మొదలుపెట్టి పైకి వస్తూ చల్లాలి, గొంతుకు దగ్గరవుతున్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఆపాలి. చల్లగానే నిర్ణయానికి రాకూడదు. రంగు పట్టని మచ్చ రెండు మూడు నిమిషాలకు గులాబీరంగుకు తిరిగితే తీవ్ర డిస్‌ప్లేసియా గాని, తొలిదశ క్యాన్సర్ గాని ఉండే అవకాశం ఎక్కువ. వాపు ఉన్న చోట కూడా రంగు సరిగా పట్టదు కాబట్టి ఈ నిరీక్షణ అవసరం. పొరంతా చిరుతపులి చర్మంలా మచ్చలమయంగా కనిపిస్తే అక్కడొక్కటే కాదు, నోరు, గొంతు కూడా పరీక్షించవలసిందే. పని ముగిశాక అయోడిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం చల్లి, జీర్ణాశయంలో చేరిన అయోడిన్‌ను పీల్చివేస్తే రొమ్ములో మంట బాగా తగ్గుతుంది.

బారెట్స్ కనబడితే దాని పొడవును ప్రేగ్ పద్ధతిలో, చుట్టూ వ్యాపించిన మేర, అత్యధికంగా పైకి పాకిన మేర అని రెండు అంకెలుగా రాయాలి. ప్రతి సెంటీమీటరుకు ఒక నిమిషం చొప్పున చూడాలి. గడియారం ముల్లు లెక్కన 12 నుంచి 6 వరకు ఉండే కుడి సగంలో తొలి మార్పులు ఎక్కువగా దొరుకుతాయి. అనుమానం ఉన్న చోట్ల నుంచి ముందు బయాప్సీ ముక్కలు తీసి, ఆ తర్వాతే ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపులా తీయాలి. పుండ్లు, వాపు ఉంటే డిస్‌ప్లేసియా అని పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి, ఎనిమిది వారాలు యాసిడ్ తగ్గించే మందులు వాడించి మళ్లీ చూడడం సరైన పద్ధతి.

స్క్వామస్ మచ్చ చిన్నదైతే ఒకటి రెండు ముక్కలు మించి తీయవద్దు. ఎక్కువ తీస్తే ఆ గాయం మానేటప్పుడు కింది పొరలు గట్టిపడి అతుక్కుపోయి, తర్వాత పెద్ద కేంద్రంలో ఎండోస్కోపీ ద్వారానే దాన్ని సమూలంగా ఒలిచి తీయడం కష్టమవుతుంది. ఒక్కో చోటి ముక్కను ఒక్కో సీసాలో వేసి, పళ్ల నుంచి దూరాన్నీ గడియారపు స్థానాన్నీ రాయాలి. "బయాప్సీ, అన్నవాహిక" అని మాత్రమే రాసి పంపిన ముక్కపై, దాన్ని సూక్ష్మదర్శినిలో చూసే పెథాలజిస్టు నుంచి గట్టి నివేదిక ఆశించడం న్యాయం కాదు. డిస్‌ప్లేసియా అని వచ్చినప్పుడు చికిత్స నిర్ణయించేలోగా అనుభవజ్ఞుడైన మరో పెథాలజిస్టుకు అవే స్లైడులు చూపించాలి.

తిరుపతికో వేలూరుకో చెన్నైకో పంపవలసి వస్తే నివేదికతోపాటు రంగు పట్టక ముందు, పట్టిన తర్వాత తీసిన ఫొటోలను, స్లైడులను, ముక్కలను మైనంలో భద్రపరిచిన బ్లాకులను కూడా ఇచ్చి పంపాలి. లేకపోతే అక్కడ అంతా మొదటి నుంచి జరుగుతుంది. పంపనవసరం లేనివారికి మళ్లీ ఎప్పుడు రావాలో నెల, సంవత్సరం తెలుగులో రాసి ఇవ్వాలి. పొగాకు వేలం ముమ్మరంగా సాగే నెలల్లో రమ్మంటే రైతులు రాలేరు. తేదీ నిర్ణయించే ముందు పంట పనులు ఎప్పుడు తీరతాయో వారినే అడిగి, రెండో ఫోన్ నంబరుగా ఇంట్లో మరొకరిది తీసుకుని రిజిస్టరులో నమోదు చేయాలి.