పగటి రైలు ప్రయాణంలో పిల్లలకు పొద్దుపోయేలా చూడటం ఎలా?

సికింద్రాబాద్ నుంచి విశాఖకు కాజీపేట, విజయవాడ మీదుగా దాదాపు 700 కిలోమీటర్లు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో పన్నెండు గంటలు, అటూఇటుగా. మొదటి గంట గురించి బెంగ అక్కర్లేదు, కిటికీ ఒక్కటే చాలు. పేచీలు మొదలయ్యేది మూడో గంట దాటాక, ఆ తర్వాత భోజనమయ్యాక నిద్రపట్టనప్పుడు. రైలు కదలగానే బొమ్మలూ పుస్తకాలూ అన్నీ ముందు పరిచేస్తే ఖమ్మం రాకముందే పాతబడిపోతాయి. దాచి, కొంచెం కొంచెంగా ఇవ్వడంలోనే కిటుకంతా ఉంది.

1. ముందురోజే పొట్లాలు కట్టండి

ఏడెనిమిది చిన్న వస్తువులు తీసుకుని ఒక్కోదాన్ని పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, పైన స్టేషన్ పేరు రాయండి: వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, తుని. ఆ స్టేషన్ దాటాకే విప్పాలన్నది షరతు. గడియారాన్ని బట్టి ఇస్తే రైలు లేటయినప్పుడు లెక్క తప్పుతుంది, స్టేషన్‌ను బట్టయితే తప్పదు. ఒక పొట్లం మీద ‘అవుటర్’ అని రాసి పక్కన పెట్టండి. ఊరు కనిపిస్తూ రైలు కదలని ఆ ఇరవై నిమిషాలే పిల్లలకు అన్నిటికన్నా కష్టం.

బంతులు, పూసలు, గుండ్రటి క్రేయాన్లు వద్దు. సీటు కిందికి దొర్లిపోతే వెతకడానికి అందరి సామానూ జరపాలి. బంకమట్టి సీటుకు అంటుకుంటుంది. పొట్లాల సంచి పైన సామాన్లలో కాకుండా మీ కాళ్ల దగ్గర ఉండాలి.

2. ఆట పలకను గుడ్డ మీద గీయండి

అట్ట మీద గీస్తే రైలు కుదుపుకి కాయలు జారి, ఎవరు గెలిచేవారన్న గొడవ మొదలవుతుంది. పాత దిండు గలీబు మీద స్కెచ్ పెన్‌తో పులి–మేక గళ్లు గీసుకోండి. మూడు పులులకు సీసా మూతలు, పదిహేను మేకలకు చొక్కా గుండీలు సరిపోతాయి. గుడ్డ మీద అవి కదలవు. మూడేళ్ల లోపు పిల్లలుంటే గుండీలూ మూతలూ నోట్లో పెట్టుకుంటారు, వాళ్లకు అందకుండా చూసుకోండి.

3. కిటికీలో పని పెట్టండి

‘బయటికి చూడు’ అంటే ఏ పిల్లా ఐదు నిమిషాలకు మించి చూడదు. వెతకడానికి ఏదో ఒకటి ఉండాలి.

పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమన్నది. పై అంకె మారిన క్షణంలో ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, మళ్లీ మారగానే ఆపండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే రైలు వేగం తెలుస్తుంది. 36 సెకన్లయితే గంటకు 100 కిలోమీటర్లు, 45 అయితే 80. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు భాగహారం వాళ్లే చేసుకుంటారు. ఎదురుగా వచ్చిన స్తంభాన్ని చూస్తే అంకె చెదిరిపోతుంది, ముందుకు ఏటవాలుగా చూస్తే చదవొచ్చు. రైలు ఆగినప్పుడు ఒక స్తంభాన్ని చూపించి, చదవడం ముందే నేర్పండి.

ప్లాట్‌ఫారం చివర ఉండే పసుపు బోర్డు మీద స్టేషన్ పేరు కింద, సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. నోటు పుస్తకంలో రాయించండి. సికింద్రాబాద్‌లో 500 మీటర్లు దాటిన ఎత్తు విజయవాడకొచ్చేసరికి 20 దగ్గరికి దిగిపోతుంది. రైలు కిందికి దిగుతోందని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

కొవ్వూరు రాగానే అన్నీ పక్కన పెట్టించండి. గోదావరి మీద కమానుల వంతెనెక్కితే కమానులు లెక్కపెట్టమనండి, 28 రావాలి. రోడ్డు–రైలు వంతెన మీద వెళ్తే ఆ కమానులు పక్క నుంచి కనిపిస్తాయి. 1900 నాటి పాత వంతెన కూడా అక్కడే ఉంది.

తలుపు దగ్గర నిలబెట్టడం, కిటికీలోంచి చేతులు బయట పెట్టనివ్వడం మాత్రం ఎంత ఏడ్చినా వద్దు.

4. నోటితో ఆడేవి చీకటి పడ్డాక

అంత్యాక్షరి, పొడుపు కథలకు వెలుతురు అక్కర్లేదు. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అంటే కనురెప్పలని చిన్నవాళ్లు కూడా చెప్పేస్తారు. గొంతు మాత్రం తగ్గించాలి, పక్క బెర్తులవాళ్లు పడుకుని ఉంటారు.

5. తిండి, ఫోన్

రెండు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టండి. మరమరాలు, అరటిపండు, ఇడ్లీ బాగుంటాయి. జంతికలు ఎక్కువైతే దాహం, దాహమైతే నీళ్లు, ఆపైన బాత్రూమ్‌కి తిరగడం. నాలుగేళ్ల లోపువాళ్లకు కదిలే రైల్లో వేరుశెనగలు ఇవ్వకండి, కుదుపుకి గొంతులో అడ్డం పడతాయి. ఫోన్‌ను భోజనం తర్వాతి గంటకు దాచుకోండి. మధ్యలో సిగ్నల్ పోతుంది కాబట్టి కార్యక్రమాలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, హెడ్‌ఫోన్స్ తప్పక తీసుకెళ్లండి. వికారమంటే స్క్రీన్ వెంటనే ఆపించండి: కళ్లేమో కదలని అక్షరాలు చూస్తుంటే చెవి లోపలి భాగం కదలికను పసిగడుతుంది, తల తిరిగేది అందుకే. దూరంగా కొండల వైపు చూడనిస్తే కాసేపటికి సర్దుకుంటుంది.

అనకాపల్లి దాటగానే గుండీలూ మూతలూ పిల్లలచేతే లెక్కపెట్టించి సంచిలో వేయించండి. దువ్వాడ వచ్చేసరికి చెప్పులు కాళ్లకుండాలి.