చిన్న భూకంపం వచ్చినప్పుడు ఏం చేయాలి: నాందేడ్, గడ్చిరోలి సరిహద్దు ఊళ్లలోని తెలుగు కుటుంబాలకు

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాల్లోను, గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలోను నివసిస్తున్న తెలుగువారికి భూమి కదలడం ఇప్పుడు వింత కాదు. 2024 మార్చి 21న ఉదయం ఆరు గంటలు దాటగానే నాందేడ్ పక్కనున్న హింగోలి జిల్లాలో సుమారు పది నిమిషాల తేడాతో 4.5, 3.6 తీవ్రతల ప్రకంపనలు వచ్చాయి. జూలై 10న అదే జిల్లాలో మళ్లీ 4.5 తీవ్రత నమోదైంది. ఈ కదలికలు నాందేడ్ వాసులకు స్పష్టంగా తెలిశాయి. అదే ఏడాది డిసెంబరు 4న ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలను కూడా కదిలించింది. నాందేడ్ నగరంలోనైతే 2006 చివరి నుంచే, భూమి లోపలి శబ్దాలతో కూడిన చిన్న చిన్న ప్రకంపనలను శాస్త్రవేత్తలు పరికరాలతో నమోదు చేశారు.

ఇలాంటి చిన్న ప్రకంపన కొన్ని క్షణాలలోనే ముగుస్తుంది. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు భూమి నిలకడకు వస్తుంది. అందువల్ల చేయవలసిన పనిలో ఎక్కువ భాగం కదలిక ఆగిన తరువాతే ఉంటుంది. కదులుతున్న సమయంలో పాటించవలసినది ఇల్లు ఏ రకమైనదన్న దానిమీద ఆధారపడుతుంది. పిల్లర్లతో కట్టిన స్లాబు ఇంట్లో ఉన్నవారు గట్టి బల్ల కిందికో మంచం కిందికో చేరి తలను చేతులతో కాపాడుకోవాలి. మెట్లమీదికి, లిఫ్టులోకి, బాల్కనీలోకి పోకూడదు. రాతి గోడల మట్టి మిద్దెలో ఉన్నవారు, తలుపు పక్కనే ఉండి ఎదుట ఖాళీ స్థలం ఉన్నట్లయితే మాత్రమే వెంటనే బయటికి రావాలి. రెండు పక్కలా ఎత్తయిన పాత గోడలున్న ఇరుకు సందులోకి వచ్చి నిలబడటం ఇంట్లో ఉండటం కంటే ప్రమాదకరం. 2018 నవంబరు నుంచి పాల్ఘర్ జిల్లా డహాణు ప్రాంతంలో వరుసగా ప్రకంపనలు వచ్చిన కాలంలో, బయటికి పరుగు తీసే హడావుడిలో పడిపోయి ఒక పసిపాప ప్రాణం పోయింది. పిల్లలను, పెద్దవాళ్లను ఎవరు పట్టుకోవాలో ఇంట్లో ముందే అనుకొని ఉంచుకోవడం అవసరం.

ఇక అసలు పని గోడలను చూసుకోవడం. ఈ ప్రాంతంలో దీనికి ఇచ్చినంత శ్రద్ధ మరి దేనికీ ఇవ్వనక్కరలేదని నా గట్టి అభిప్రాయం. అందుకు కారణం 1993 సెప్టెంబరు 30. గణేశ నిమజ్జనం ముగిసిన మరునాటి తెల్లవారుజామున 3.56 గంటలకు లాతూరు జిల్లా కిల్లారి దగ్గర వచ్చిన 6.2 తీవ్రత భూకంపంలో దాదాపు 10,000 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు తమ ఇంటి గోడల కింద, కప్పు మట్టి కింద నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. అక్కడి గోడలు రెండడుగుల మందంతో దృఢంగానే కనిపించేవి. అయితే లోపలి వరుస రాళ్లకు, బయటి వరుస రాళ్లకు మధ్య పట్టు లేదు. ఆ నడిమి ఖాళీని చిన్న రాళ్లతో, మట్టితో నింపారు. ఊపు రాగానే రెండు వరుసలు విడిపోయి చెరో పక్కకు ఒరిగాయి, ఏళ్ల తరబడి వానాకాలానికి ముందు మట్టి వేస్తూ వచ్చిన కప్పు మీద పడింది. అదే పద్ధతిలో కట్టిన పాత ఇళ్లు బిలోలి, దెగ్లూరు పల్లెల్లో నేటికీ ఉన్నాయి.

కనుక ప్రకంపన వచ్చిన రోజున వెలుతురు ఉండగానే ఇంటి చుట్టూ నిదానంగా తిరిగి చూడాలి. రాతి గోడ ఎక్కడైనా పొట్ట పెట్టినట్లు ఉబ్బిందా, రెండు గోడలు కలిసే మూలలో సందు ఏర్పడిందా, తలుపుల, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు సాగాయా, దూలం గోడమీద ఆనిన చోట మట్టి రాలిందా, నిన్నటిదాకా సులువుగా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేస్తున్నదా అన్నవి ముఖ్యంగా గమనించాలి. పై పూతలో వెంట్రుకవాసి గీతలు కనబడితే కంగారు పడనక్కరలేదు. అనుమానం కలిగించే పగులు కనబడితే దానిమీద అడ్డంగా కాగితపు ముక్కను రెండు చివరలా అంటించి, తేదీ రాసి ఉంచాలి. కాగితం చిరిగితే పగులు పెరుగుతున్నదని తెలుస్తుంది. ఉబ్బిన గోడ పక్కన మంచం వేయకూడదు, పశువులను కట్టకూడదు. మరమ్మతు చేయించేటప్పుడు, గోడ మందమంతా దాటి రెండు వరుసలనూ కలిపే పొడవాటి రాళ్లను అక్కడక్కడా పెట్టించాలి, కప్పుమీద పేరుకున్న మట్టిని తగ్గించాలి. కొత్తగా కట్టుకునేవారు తలుపుల పైఎత్తున నాలుగు గోడల చుట్టూ తెగకుండా సాగే ఇనుప కడ్డీల కాంక్రీటు పట్టీని తప్పకుండా వేయించాలి. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే రంగులలో, టైల్స్‌లో తగ్గించుకోవచ్చు, ఈ పట్టీలో తగ్గించకూడదు.

ఇంటి లోపల చేయవలసినవి కొద్దిపాటివే. తలగడ వైపు అటకమీద ఇత్తడి బిందెలు, ఇనుప పెట్టెలు ఉండకూడదు. జొన్న, సోయాబీన్ బస్తాలను మనిషి ఎత్తుకు మించి పేర్చకూడదు. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటరు తీసేసి తలుపులు తెరవాలి. కరెంటు స్విచ్చును తాకకూడదు.

ఫలానా రాత్రి రెండు గంటలకు పెద్దది వస్తుందంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు చాలామందిని అనవసరంగా రోడ్డుమీదికి పరుగెత్తిస్తున్నాయి. భూకంపం వచ్చే రోజును, గంటను ముందుగా చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. గంట పేరు చెప్పిన సందేశం ఏదైనా అబద్ధమే. చిన్నవి వస్తే లోపలి ఒత్తిడి తీరిపోయి పెద్దది రాదన్న ధీమా కూడా సరికాదు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన కిల్లారి భూకంపపు శక్తికి సమానం కావాలంటే హింగోలిలో వచ్చినటువంటివి 350 దాకా రావాలి. చిన్న ప్రకంపనలలో చాలావాటి వెంట పెద్దది రాదన్నది నిజమే, కానీ కిల్లారిలో ముందటి ఏడాది చిన్న ప్రకంపనలు వచ్చిన మాటా నిజమే. ఈ రెండూ తెలిసినవారు భయంతో ఊరు విడవనక్కరలేదు, గోడను మరిచిపోనూ కూడదు.

ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం తన వెబ్‌సైటులోను, ‘భూకంప్’ అనే యాప్‌లోను ప్రతి ప్రకంపన సమయాన్ని, స్థానాన్ని, లోతును ప్రకటిస్తుంది. అక్కడ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను ఫోను మ్యాపులో వేసి చూస్తే మీ ఊరికి ఎంత దూరమో తెలుస్తుంది. లోతు సరిగ్గా 5 లేదా 10 కిలోమీటర్లని ఉంటే, అది చాలాసార్లు లెక్క కోసం అనుకున్న అంకె కావచ్చు. మీకు తెలిసిన కదలిక ఆ జాబితాలో లేకపోతే అది రాలేదని అర్థం కాదు. మరీ చిన్నవాటిని దూరంగా ఉన్న పరికరాలు పట్టలేకపోవచ్చు. అందుకే ఫోనులో చూసిన కచ్చితమైన సమయం, ఏ అంతస్తులో ఉన్నారు, శబ్దం ముందు వచ్చిందా, గిన్నెలు మాత్రమే మోగాయా, మంచం కదిలిందా అన్న వివరాలను ఒక పుస్తకంలో రాసి ఉంచి, ఆ కేంద్రానికి పంపాలి. బల్లార్‌పూర్, రాజురా వైపు బొగ్గు గనుల దగ్గర ఉండేవారు పేలుడు వేళలను కూడా పక్కనే రాసుకోవాలి. రోజూ పగటిపూట దాదాపు ఒకే వేళకు, ఒక్క దెబ్బగా వచ్చి ఆగిపోయే అదురు సాధారణంగా గని పేలుడే అయి ఉంటుంది.

ఇల్లు దెబ్బతింటే మరమ్మతు మొదలుపెట్టకముందే ఫోటోలు తీసి, తలాఠీకి (గ్రామ రెవెన్యూ అధికారికి), పోలీస్ పాటిల్‌కు (ఊరి శాంతిభద్రతలు చూసే గ్రామాధికారికి) చెప్పి పంచనామా చేయించుకోవాలి. అత్యవసరమైతే 112కు, అంబులెన్సుకు 108కు, జిల్లా విపత్తు నియంత్రణ గదికి 1077కు ఫోన్ చేయవచ్చు. అధికారుల ప్రకటనలు మరాఠీలోనే వస్తాయి కాబట్టి, మరాఠీ చదవలేని పెద్దవాళ్లకు వాటిని చదివి చెప్పే బాధ్యతను ప్రతి వాడలో ఒక చదువుకున్న యువతి గాని యువకుడు గాని తీసుకోవాలి. ఊళ్లోని బడి, అంగన్‌వాడీ గోడలను ఇంజనీరు చేత పరీక్ష చేయించాలని కోరుతూ గ్రామసభలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం, తేదీ వేయించుకొని నకలు దగ్గర ఉంచుకోవాలి.