గాలివానల సీజన్ రాకముందే ఇంట్లో నెట్ ఫోన్‌ని ఒకసారి పరీక్షించి చూసుకోండి

గాలివానల కాలం దగ్గరపడుతోందంటే టార్చిలైట్ వెలుగుతోందా లేదా చూసుకుంటాం, మందులు సరిపడా ఉన్నాయా అని చూసుకుంటాం, ఫోన్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. రోజూ పనిచేస్తోంది కదా, ఆ రోజు ఎందుకు పనిచేయదు అనుకుంటాం. నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చిన ఇంటి ఫోన్ అయితే సరిగ్గా ఆ రోజే చేతులెత్తేయొచ్చు. చూడ్డానికి పాత ల్యాండ్‌లైన్ లాగానే ఉంటుంది, అదే రిసీవర్, అదే టోన్, చాలామంది నంబర్ కూడా పాతదే ఉంచుకుంటారు, అందుకే లోపల మొత్తం మారిపోయిందన్న సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి అసలు తెలియనే తెలియదు.

పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌కి మన ఇంటి కరెంటుతో పనిలేదు. ఎక్స్ఛేంజ్‌లో ఉండే పెద్ద బ్యాటరీల నుంచి దాదాపు 48 వోల్టుల డీసీ (బ్యాటరీ ఇచ్చే తరహా కరెంటు) ఆ తీగలోనే ఇంటిదాకా వచ్చేది, అందుకే చుట్టుపక్కలంతా చీకటైనా ఫోన్ మోగేది. నెట్ ఫోన్‌కి ఆ సదుపాయం లేదు. మన గొంతు డేటా ప్యాకెట్లుగా (చిన్నచిన్న డేటా ముక్కలుగా) మారి, అడాప్టర్ (ఫోన్‌ని నెట్‌కి కలిపే చిన్న డబ్బా) దాటి, రూటర్ దాటి, ఫైబర్ బాక్సు దాటి, కంపెనీ సర్వర్ దాకా పోయి, అక్కణ్ణుంచి మామూలు ఫోన్ నెట్‌వర్క్‌లో కలవాలి. దారిలో ఏ ఒక్కటి ఆగినా కాల్ వెళ్లదు.

కాబట్టి మొదటి పని, ఫోన్ దగ్గర మొదలుపెట్టి వైరు పట్టుకుని గోడ దాకా వెళ్లండి, మధ్యలో ఎన్ని డబ్బాలకి ప్లగ్ ఉందో లెక్కపెట్టండి. ఫైబర్ బాక్సు ఒకటి, రూటర్ ఒకటి (కొన్నిచోట్ల రెండూ కలిపి ఒకే డబ్బాలో ఉంటాయి), ఫోన్ అడాప్టర్ విడిగా ఉంటే అదొకటి, కార్డ్‌లెస్ ఫోన్ అయితే దాని బేస్ ఇంకొకటి. ఈ చివరిదాన్నే అందరూ మర్చిపోతారు. రూటర్‌కి బ్యాకప్ పెట్టి ధైర్యంగా ఉంటారు, తీరా కరెంటు పోయాక కార్డ్‌లెస్ బేస్ ఆరిపోయి, చేతిలో హ్యాండ్‌సెట్ వెలుగుతూనే ఉంటుంది కానీ కాల్ పోదు. వైరుతో నడిచే సాదా ఫోన్ ఒకటి తెచ్చి నేరుగా అడాప్టర్‌కి గుచ్చితే ఈ బెడద పోతుంది, దానికి వేరే ప్లగ్ అక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. ఎవరికీ పని లేని సాయంత్రం చూసి మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేసి ఇంటి ఫోన్ నుంచి తెలిసినవాళ్లకి కాల్ చేయండి. టోన్ వచ్చింది కదా అని అక్కడితో ఆపొద్దు, అవతలివాళ్ల గొంతు మీకు, మీ గొంతు వాళ్లకి వినపడాలి, తర్వాత వాళ్లని తిరిగి మీకు చేయమనండి, ఎందుకంటే బయటికి కాల్ వెళ్తూ లోపలికి రాని తేడాలు నెట్ ఫోన్‌లో చాలా కామన్. అరగంట ఆగి మళ్లీ చేయండి, గంటకి మళ్లీ. ఎంతసేపు నిలబడిందో ఆ టైమే మీ అసలు బ్యాకప్, యూపీఎస్ డబ్బా మీద రాసిన టైమ్ కాదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, టెస్ట్ కోసం ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేయకండి, అవతల లైన్‌లో నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఉంటారు.

బ్యాకప్ ఎంత కావాలి అంటే లెక్క పెద్ద కష్టం కాదు. ఫైబర్ బాక్సు, రూటర్, అడాప్టర్ కలిపి మామూలుగా 20 వాట్ల అటూఇటూ తీసుకుంటాయి. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు, భాగిస్తే నాలుగు గంటలు వస్తుంది, కానీ డీసీని ఏసీగా (ప్లగ్‌లో వచ్చే కరెంటుగా) మార్చి, మళ్లీ ఛార్జర్‌లో డీసీగా మార్చేటప్పుడు చాలా పోతుంది, కాబట్టి రెండు మూడు గంటలు అనుకోండి, పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. నేరుగా 12 వోల్టుల డీసీ ఇచ్చే మినీ యూపీఎస్‌లలో ఆ మార్పిడి నష్టం తక్కువ, కాకపోతే కొనేముందు మీ రూటర్ ఛార్జర్ మీద రాసిన వోల్టేజ్, ఆంపియర్లు చూసి సరిపోయేదే తీసుకోవాలి. టీవీ, కంప్యూటర్ లాంటివి అదే యూపీఎస్‌కి తగిలించొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లకి నీరసించిపోతుంది, లైటు పచ్చగానే వెలుగుతుంది గానీ కరెంటు పోగానే రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది, అందుకే కొన్న నెల, సంవత్సరం మార్కర్‌తో దాని మీదే రాసి పెట్టండి.

మీ ఇంట్లో అన్నీ వెలుగుతున్నా నెట్ రాకపోవచ్చు, ఎందుకంటే ఇంటి బయట కూడా కరెంటు కావాల్సిన పెట్టెలు ఉంటాయి. నేరుగా ఇంటిదాకా ఫైబర్ ఉంటే ఇది కొంచెం నయం, మామూలుగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో దారిలో ఉండే స్ప్లిటర్లకి (ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచేవి) కరెంటే అక్కర్లేదు, అటు చివర కంపెనీ పరికరం, ఇటు మీ బాక్సు వెలుగుతూ ఉంటే చాలు. కేబుల్ టీవీ వైరు మీద వచ్చే నెట్ అయితే వీధిలో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్లు ఉంటాయి, వాటి బ్యాటరీలు అయిపోతే మీరేం చేయలేరు. అపార్ట్‌మెంట్లో కింద ఎక్కడో ఒక నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ని ఫ్లాట్లకి పంచే డబ్బా) పెట్టి అక్కణ్ణుంచి ఫ్లాట్లకి లాన్ వైరు లాగి ఉంటే ఆ స్విచ్‌కి జనరేటర్ లైన్ ఉందో లేదో ఇప్పుడే అడగండి. చాలాచోట్ల ఉండదు, లిఫ్ట్‌కి ఇస్తారు, మోటార్‌కి ఇస్తారు, దీనికి మాత్రం ఇవ్వరు.

ఇవన్నీ ఒక ఎత్తు, అడ్రస్ ఒక్కటీ ఒక ఎత్తు. పాత ల్యాండ్‌లైన్‌లో తీగ ఏ ఇంటికి పోతుందో కంపెనీకి తెలుసు. నెట్ ఫోన్ అడాప్టర్‌ని బ్యాగులో వేసుకుని వేరే ఊరెళ్లి ఏ రూటర్‌కి తగిలించినా అదే నంబర్‌తో పనిచేస్తుంది, అదే దాని గొప్ప, అదే దాని ప్రమాదం. మీరెక్కడున్నారో దానికి తెలియదు, మీరు అకౌంట్లో టైప్ చేసి పెట్టిన అడ్రసే దానికి దిక్కు. 2008లో కెనడాలో కాల్గరీకి మారిన ఒక కుటుంబం నెట్ ఫోన్ నుంచి 911కి (అక్కడి ఎమర్జెన్సీ నంబర్) చేస్తే అంబులెన్స్ వాళ్ల పాత అడ్రస్‌కి, అంటే ఎక్కడో మూడు వేల కిలోమీటర్ల అవతల మిస్సిసాగాకి పంపారు, ఏడాదిన్నర పిల్లాడు చనిపోయాడు. అమెరికాలో 2005లోనే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్ పెట్టింది, మామూలు ఫోన్ నెట్‌వర్క్‌తో కలిసే నెట్ ఫోన్ కంపెనీలు 911 సర్వీస్ ఇచ్చి తీరాలి, కస్టమర్ దగ్గర అడ్రస్ తీసుకోవాలి అని. కానీ ఇల్లు మారినప్పుడు ఆ అడ్రస్ మార్చాల్సింది మనమే, ఏ రూలూ మన తరఫున లాగిన్ అయి మార్చదు.

అందుకని ఈరోజే అకౌంట్ తెరిచి ఎమర్జెన్సీ అడ్రస్ అనే కాలమ్ చూడండి. బిల్లింగ్ అడ్రస్ వేరు, ఇది వేరు, ఒకటి మారిస్తే రెండోది దానంతటదే మారుతుందనుకోవద్దు. ఫ్లాట్ నంబర్, అంతస్తు, బ్లాక్ పేరు అన్నీ ఉండాలి. మార్చిన వెంటనే అమల్లోకి రాకపోవచ్చు, సిస్టమ్‌లో ఎక్కడానికి టైమ్ పట్టొచ్చు. అమెరికాలో చాలా నెట్ ఫోన్ సర్వీసుల్లో 933 కొడితే మీ పేరు మీద ఏ అడ్రస్ ఉందో చదివి వినిపిస్తుంది, మీ దేశంలో, మీ కంపెనీలో అలాంటిది ఉందేమో కస్టమర్ కేర్‌ని అడగండి. ఎన్ని చేసినా సరే, ఎమర్జెన్సీ కాల్‌లో నోటి నుంచి వచ్చే మొదటి మాట అడ్రసే కావాలి, ఏమైందో తర్వాత. లైన్ మధ్యలో తెగినా కనీసం ఎక్కడికి రావాలో వాళ్లకి తెలుస్తుంది. ఫోన్ పక్కన గోడకి పెద్ద అక్షరాలతో అడ్రస్ అంటించండి, కంగారులో సొంతింటి నంబర్ కూడా గుర్తురాదు, ఇంటికి వచ్చిన చుట్టాలకైతే అసలు తెలియదు.

మీ సర్వీస్ నుంచి అసలు ఎమర్జెన్సీ నంబర్ వెళ్తుందా అన్నది ఇంకో ప్రశ్న. వాట్సాప్ లాంటి యాప్‌ల నుంచి ఎమర్జెన్సీ సర్వీసులకి కాల్ వెళ్లదని వాళ్లే రాసి పెట్టారు. కొన్ని చవక ప్లాన్లలో కూడా ఇదే తంతు, షరతుల్లో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివేవాళ్లు ఎవరు. సొంతంగా అడాప్టర్ సెట్ చేసుకున్నవాళ్లు డయల్ ప్లాన్‌లో (ఏ నంబర్‌కి ఎన్ని అంకెలో చెప్పే సెట్టింగ్‌లో) మీ దేశపు ఎమర్జెన్సీ నంబర్ ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే మూడంకెలు నొక్కాక ఇంకా అంకెలు వస్తాయేమో అని అది ఎదురుచూస్తూ కూర్చుంటుంది. బిల్లు కట్టక సర్వీస్ ఆగిపోతే ఎమర్జెన్సీ కాల్ కూడా పోదనే అనుకుని ఉండండి. నంబర్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునే పని కూడా ఈ సీజన్‌లో పెట్టుకోకపోవడం మంచిది.

రెండో దారి కచ్చితంగా ఉండాలి, అది మొబైల్. కానీ ఇక్కడో మెలిక ఉంది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ఇంటి నెట్, ఇంటి ఫోన్, మొబైల్ మూడూ ఒకేసారి పోయాయి, 911కి కాల్ చేయలేక జనం ఇబ్బంది పడ్డారు. ఇంటి నెట్ ఏ కంపెనీదో మొబైల్ కూడా అదే అయితే మీకు ఉన్నది రెండు దారులు కాదు, ఒకటే. డిస్కౌంట్ వస్తుందని మొత్తం ఒకే చోట పెట్టుకున్నవాళ్లు ఇంట్లో ఒక్క సిమ్ అయినా వేరే కంపెనీది ఉంచుకోండి. పాత బటన్ ఫోన్ ఒకటి ఛార్జ్ చేసి పక్కన పెట్టండి, వాటి బ్యాటరీ స్మార్ట్‌ఫోన్ కన్నా చాలా ఎక్కువ నిలుస్తుంది. ఇంట్లో సిగ్నల్ సరిగా లేక వైఫై కాలింగ్ మీద ఆధారపడేవాళ్లు ఇంకా జాగ్రత్త, కరెంటు పోయి రూటర్ ఆగితే ఆ మొబైల్ కూడా పోయినట్టే. అలాంటి ఇంట్లో సిగ్నల్ ఏ మూల దొరుకుతుందో, మేడ మీదా గేటు దగ్గరా అన్నది ముందే చూసి అందరికీ చెప్పి ఉంచండి.

కరెంటు ఉన్నా వాయిస్ తెగిపోతుంటే అదీ సమస్యే. ఒక కాల్‌కి అటూ ఇటూ 100 కేబీపీఎస్ కూడా అక్కర్లేదు, కాబట్టి పెద్ద ప్లాన్ తీసుకుంటే బాగుపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సమస్య ఎక్కువగా అప్‌లోడ్ వైపు ఉంటుంది, ఎవరో ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటారు, మీ మాటల ప్యాకెట్లు ఆ క్యూలో వెనక నిలబడతాయి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) లెక్క, అది బాగా దాటితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తుంటారు. రూటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్) ఉంటే ఫోన్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వండి, అడాప్టర్‌ని వైఫైతో కాకుండా వైరుతో కలపండి. కాల్స్ లోపలికి రాకపోవడం, ఒకవైపే వినపడటం లాంటివి ఉంటే రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ (నెట్ ఫోన్ కాల్స్ డేటాని రూటరే మార్చే ఫీచర్) అనే ఆప్షన్ ఆఫ్ చేసి చూడండి, చాలాసార్లు దోషం దానిదే.

పెద్దవాళ్లు మెడలో వేసుకునే అలారం బటన్, దొంగల అలారం, లిఫ్ట్‌లో ఫోన్ ఇవేమైనా ఇంటి ఫోన్ లైన్ మీద నడుస్తుంటే వాటి కంపెనీకి ఫోన్ చేసి ఇది నెట్ లైన్ అని చెప్పి వాళ్ల చేతే టెస్ట్ చేయించండి, ఆ పరికరాలు పంపే టోన్లు నెట్ లైన్‌లో చెదిరిపోవచ్చు. బ్రిటన్‌లో పాత లైన్లన్నీ 2025 చివరికల్లా మార్చేయాలని మొదట పెట్టుకున్నారు, కానీ ఈ అలారం బటన్లు పనిచేయని ఘటనలు జరిగాక 2023 డిసెంబర్‌లో కంపెనీలు బలవంతంగా మార్చడం ఆపాల్సి వచ్చింది, తర్వాత గడువు 2027 జనవరికి జరిగింది. అక్కడ ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడేవాళ్లకి కరెంటు పోయినా కనీసం గంటసేపు ఎమర్జెన్సీ కాల్ వెళ్లే ఏర్పాటు ఇవ్వాలని రెగ్యులేటర్ చెప్పింది. ఆ గంట నాకైతే చాలా తక్కువ అనిపిస్తుంది, పెద్ద గాలివానకి గంటలో కరెంటు వచ్చేస్తుందా ఎక్కడైనా. అయినా అడిగితేనే ఇస్తారు, మీ ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్లు ఉంటే మీ కంపెనీని కూడా ఆ మాట అడిగి చూడండి.

చివరగా ఒక చిన్న సెట్టింగ్. ఎమర్జెన్సీ కాల్ మధ్యలో కట్ అయితే కంట్రోల్ రూమ్ వాళ్లు మీకు తిరిగి చేస్తారు. స్పామ్ కాల్స్ గొడవ భరించలేక తెలియని నంబర్లన్నీ బ్లాక్ చేసో, రాత్రిపూట డు నాట్ డిస్టర్బ్ పెట్టో ఉంటే ఆ కాల్ కూడా మోగకపోవచ్చు. ఇంటి ఫోన్‌లో, అడాప్టర్‌లో, కంపెనీ వెబ్‌సైట్లో మీ అకౌంట్‌లో మూడు చోట్లా ఆ ఆప్షన్ విడివిడిగా ఉండొచ్చు, మూడూ చూసి సీజన్ అయ్యేదాకా తీసేయండి.