బడి కమిటీ ఉత్త సంతకాల కమిటీ అయిపోయిందా? ఇలా సరిచేసుకోండి

బడి కమిటీ అంటే తల్లిదండ్రులతో వేసే పాఠశాల యాజమాన్య కమిటీ. దాని మీటింగ్‌కి నలుగురు కూడా రారు, తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో మాత్రం అందరి సంతకాలూ ఉంటాయి. మా చంద్రగిరి వైపు ఒక బడిలో కళ్లారా చూశాను: తీర్మానం ముందే రాసేసి పుస్తకం ఇల్లిల్లూ తిప్పారు, దోసెలు పోస్తున్న ఒక అక్క పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసింది, అందులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. చాలా బాధేసింది.

తల్లిదండ్రులకు పట్టదని అనేస్తారు గానీ అసలు కారణం టైమింగ్. పనిరోజు పదకొండు గంటలకు పెడితే మామిడికాయల కోతకు పోయేవాళ్లు కూలి పోగొట్టుకుని ఎట్లా వస్తారు? సాయంత్రం పాలు పోసి వచ్చాక పెట్టండి. తీర్మానం అందరి ముందే రాసి, పైకి చదివాకే సంతకాలు తీసుకోండి.

వచ్చినవాళ్లు నోరు విప్పట్లేదా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల పేరు భార్యది, మాట్లాడేది భర్త. తన పనేంటో ఆమెకు చెప్పినవాళ్లే ఉండరు. అందుకే తలా ఒక పని అప్పగించండి, ఒకరికి మధ్యాహ్న భోజనం, ఒకరికి నీళ్లు, మరుగుదొడ్లు, ఇంకొకరికి బడి మానేస్తున్న పిల్లలు. వారానికోసారి పిల్లల పక్కన కూర్చుని తిన్న మనిషి "పప్పు నీళ్లగా ఉంది సార్" అని తనంతట తానే చెబుతుంది.

డబ్బు లెక్క తెలియకపోతే మాత్రం కమిటీ ఉన్నా లేనట్టే. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం నిబంధనల్లో బడి గ్రాంట్ పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 అయితే 50,000. అందులో కనీసం పదోవంతు శుభ్రతకే వాడాలి. ప్రతి మీటింగ్‌లో పాస్‌బుక్, బిల్లులు బల్ల మీద పెట్టమని హెచ్‌ఎం గారిని మర్యాదగా అడగండి. ఆయనతో తగువు పెట్టుకోకండి, నలుగురూ చూసిన లెక్క ఆయనకూ రక్షణే.

బడికి కమిటీ రాయాల్సిన మూడేళ్ల అభివృద్ధి ప్రణాళికను పాతదాన్నే చూసి కాపీ కొట్టారా? అందరూ కలిసి బడంతా ఒకసారి తిరిగి, పనిచేయని కుళాయిలు లెక్కపెట్టి రాయండి.

కమిటీ గడువు రెండేళ్లే. దిగిపోయేవాళ్లు కొత్తవాళ్లతో ఒక సాయంత్రం కూర్చుని, మినిట్స్ పుస్తకం, బిల్లుల ఫైలు చేతికిచ్చి, సగంలో ఆగిన పనులేంటో చెప్పి పొండి.