ఆపరేషన్‌కి ముందు ఒంట్లో బలం ఉందో లేదో చూసుకోండి

మా అన్నయ్యకి కడుపులో క్యాన్సర్ అని తేలాక, సర్జన్ గారు ఆపరేషన్‌ని రెండు వారాలు వెనక్కి జరిపారు. "ముందు కాస్త తినిపించండమ్మా" అన్నారు. లోపల గడ్డ పెరుగుతుంటే ఈయన తిండి గురించి మాట్లాడతారేంటని నాకు ఒళ్లు మండింది. ఆ రెండు వారాలే మమ్మల్ని గట్టెక్కించాయని ఇప్పుడు నమ్ముతున్నాను.

మొదట బరువు చూడండి. ఇవాళ్టి బరువొక్కటే చాలదు, ఆరు నెలల కిందటిది కూడా కావాలి. గుర్తు లేకపోతే పాత మందుల చీటీలు వెతకండి, చాలావాటి మీద రాసి ఉంటుంది. మాకు 68 కిలోలని అలాగే దొరికింది. అప్పటికి 59కి వచ్చాడు. తగ్గిన 9ని 68తో భాగించి 100తో హెచ్చిస్తే 13 శాతం. ఆరు నెలల్లో 10 శాతానికి మించి తగ్గితే ప్రమాదం ఎక్కువని లెక్క. అలాంటివాళ్లకి పెద్ద ఆపరేషన్ ముందు 7 నుంచి 14 రోజులు పోషణ ఇవ్వమంటారు. అసలు అన్నయ్య బెల్టుకి మేకుతో పొడిచిన రెండు కొత్త చిల్లులు ఎప్పటినుంచో కనిపిస్తూనే ఉన్నాయి. ఇంట్లో ఎవరం అడగలేదు.

మనిషి లావుగా ఉన్నాడు కదా అని ధైర్యపడకండి. కొవ్వు అలాగే ఉండి కండ కరిగిపోవచ్చు. రక్తపరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 3 (g/dL) కంటే తక్కువుంటే డాక్టర్‌ని అడగండి. ఇన్ఫెక్షన్ ఉన్నా అది పడిపోతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి హడలిపోవద్దు.

కోసి కుట్టిన చోటు మానాలంటే ప్రోటీన్ కావాలి. అది లేకపోతే గాయం చీము పట్టొచ్చు, లోపలి కుట్లు లీకవచ్చు, గట్టిగా దగ్గే శక్తి లేక కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. 1936లోనే స్టడ్లీ అనే సర్జన్ కడుపులో పుండ్లకి ఆపరేషన్ చేసినవాళ్లలో ఇది గమనించారు. 20 శాతానికి మించి బరువు తగ్గినవాళ్లలో మూడోవంతు మంది చనిపోయారు, మిగతావాళ్లలో 3.5 శాతమే.

ఇక తినిపించడం. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అన్నారు డైటీషియన్. అంటే అన్నయ్యకి 70 నుంచి 88 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! పైగా అతనికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. అందుకే రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో పెట్టాను. గుడ్డో, చేపో, పప్పో ముందు, మిగతావి తర్వాత. తినే ముందు నీళ్లు తాగనివ్వలేదు. ప్రోటీన్ పౌడర్ కలిపిన పాలు గ్లాసు నిండా ఇస్తే మొహం తిప్పుకునేవాడు. టీ కప్పులో సగం పోసి పక్కన పెట్టి గదిలోంచి వచ్చేస్తే, కాసేపటికి కప్పు ఖాళీ అయ్యేది. "తిను, తిను" అని వెంటపడితే మాత్రం ముద్ద దిగేది కాదు.

ఐదారు రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. డాక్టర్‌కి చెప్పి, పరీక్షలు చేయిస్తూ మెల్లగా పెంచాలి.

ఆపరేషన్ ముందురోజు మీ అంతట మీరే పస్తు పెట్టకండి. మామూలుగా గట్టి ఆహారం 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. కడుపులో అడ్డు ఉన్నవాళ్లకి ఇది వర్తించదు, మత్తు డాక్టర్ చెప్పిందే వినాలి. మా అన్నయ్యకి వేరే టైములు ఇచ్చారు. వాటిని పెద్ద అక్షరాలతో రాసి, అతని మంచం ఎదురుగా గోడకి అతికించాను.