కొండెక్కడం నేర్చుకుందాం - 4: నల్లబడ్డ గోళ్ల పాఠం

ఈసారి బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ గురించి రాస్తానన్నాను. రాయడం లేదు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న శివగంగ కొండ ఎక్కి రమ్మని పోయిన పాఠంలో చెప్పిన పాపానికి ఆదివారం రాత్రి నుంచి నా ఫోన్ నిండా మీ బొటనవేళ్లే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మెసేజీలు తెరిస్తే నల్లటి గోళ్లు. బెళ్లందూరు నుంచి ఒకాయన, "అన్నా, ఎక్కడం బాగానే ఎక్కాను, మంగళవారం ఆఫీసు మెట్లు మాత్రం రెయిలింగ్ పట్టుకుని దిగాను" అని రాశాడు.

ముందు ఆయన సంగతి. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే మన బరువును ఆపాలి. అలవాటు లేకపోతే నొప్పి ఆ రోజు కాదు, ఒకటి రెండు రోజులు పోయాక ముదురుతుంది, తర్వాత తగ్గుతుంది. అందులో టెన్షన్ పడేదేం లేదు. మోకాలే వాస్తే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

ఇక గోళ్లు. తప్పులో సగం నాదే. "సరిగ్గా సరిపోయే షూ వేసుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఏసీ షాపులో చదునైన నేల మీద నాలుగడుగులు వేస్తే ఏ షూ అయినా సరిపోయినట్టే ఉంటుంది. వాలులో దిగుతుంటే పాదం ముందుకు జారుతుంది, అడుగు అడుగుకీ గోరు వెళ్లి షూ ముందు గోడను గుద్దుతుంది, అలా గంటసేపు గుద్దితే గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది. బాగా సలుపుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి, సూది కాల్చి గోట్లో పొడిచే సొంత వైద్యాలు వద్దు.

షూ కొనాలంటే సాయంత్రం వెళ్లండి, పొద్దున్నుంచి తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. కొండకు వేసుకునే మేజోళ్లే తీసుకెళ్లండి. రెండు కాళ్లకీ వేసి చూడండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది. ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, అదీ కాలి వేళ్లలో అన్నిటికన్నా పొడుగు వేలి నుంచి కొలవాలి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగు (మొగుడి మీద పెత్తనం చేస్తుందని మా అమ్మమ్మ అనేది చూడండి, ఆ వేలే). తర్వాత షూ ముక్కుతో నేలను నాలుగుసార్లు తన్నండి. వేలు తగిలిందా, సేల్స్‌మన్ ఎంత బతిమాలినా కొనొద్దు.

ఉన్న షూతోనే వెళ్లాలంటే లేసులో ఒక కిటుకుంది. అన్నిటికన్నా పైన, చీలమండ దగ్గర, చాలా షూలకు ఒక కన్నం ఖాళీగా ఉంటుంది. లేసును అవతలి వైపుకు వెయ్యకుండా అదే పక్కనున్న ఆ కన్నంలోకి దూర్చండి, చిన్న ఉచ్చులా నిలబడుతుంది. రెండో పక్కా అంతే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, మడమను వెనక్కి తన్నిపెట్టి కిందికి లాగి ముడెయ్యండి. మడమ కదలదు, వేళ్లు ముందుకు పోవు. నేనైతే ఎక్కేటప్పుడు వదులుగా కట్టుకుంటాను, పైన కూర్చుని పెరుగన్నం తిన్నాక విప్పి ఇలా బిగిస్తాను. చీలమండ దాకా వచ్చే ఖరీదైన బూట్లు నేనెప్పుడూ కొనలేదు.

టోపీ, టార్చి, ఇంట్లో చెప్పి వెళ్లడం మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్న సీసాలో మొత్తం ఒంపకండి. కోతులకు చేగోడీలు సమర్పించుకున్న ఆవిడకు నా సానుభూతి, చేతిలో కవరు కనబడితే శివగంగలో అంతే.

సావనదుర్గ ఎందుకు ఆపానంటే అక్కడ శివగంగలోలా మెట్లు లేవు. చాలా దూరం నున్నటి గ్రానైటు వాలు మీదే నడక, తడిస్తే జారుడుబల్ల. శివగంగ మెట్ల మీదే గోళ్లు పోగొట్టుకున్నవాళ్లను అక్కడికి పంపి నేను నిద్రపోలేను.

అభ్యాసం: శనివారం పొద్దున ఆరింటికి లాల్‌బాగ్ బండ దగ్గరికి వెళ్లండి, కెంపేగౌడ గోపురం ఉన్నదే. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు, మీ బరువుకి దానికేం కాదు. బ్యాగులో 3 లీటర్ల నీళ్లు పెట్టుకుని పదిసార్లు ఎక్కి దిగండి. మొదటి ఐదు మామూలు లేసుతో, మిగతా ఐదు పైన చెప్పిన ముడితో. దిగేటప్పుడు చిన్న అడుగులు, మోకాలు కొద్దిగా వంచి, పాదమంతా రాయికి ఆనాలి. ఆదివారం విశ్రాంతి లేదు, మీ అపార్ట్‌మెంట్ పదో అంతస్తు నుంచి అదే బ్యాగుతో మూడుసార్లు మెట్లు దిగండి, పైకి లిఫ్టులో వెళ్లినా నేనేమీ అనను. గోళ్లు గురువారమే కత్తిరించుకోండి, శుక్రవారం రాత్రి లోతుగా కత్తిరించుకుని శనివారం నన్ను తిట్టొద్దు.